పటిక అంటే ఏ పటిక?

కిరాణా కొట్టుకెళ్లి పటిక ఇమ్మంటే తెల్లటి రాయి ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఇస్తారు. అదే కొట్లో పటిక బెల్లం అడిగితే దగ్గొచ్చినప్పుడు బుగ్గన పెట్టుకునే తీపి పలుకులు వస్తాయి. పూజా సామాన్ల దుకాణంలో స్ఫటిక మాల అంటే అది ఇంకో రాయి. పటికకు ఇంగ్లీషు మాట 'ఆలం', కానీ మంచినీళ్ల ప్లాంటులో పనిచేసేవాళ్ల నోట ఆలం అంటే బస్తాల్లో వచ్చే బూడిదరంగు పలకలు. టీకా డబ్బాలో ఉండే వివరాల కాగితం చదివితే ఒక్కోసారి అందులోనూ ఆలం కనిపిస్తుంది. ఇవన్నీ ఒకటే అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే నీళ్లలో వేసే ఆలం తెచ్చి మొహానికి రాసుకోవచ్చా అనీ, కుండలో పటిక తిప్పితే ఫ్లోరైడ్ పోతుందట కదా అనీ, ఈ డియోడరెంట్‌లో అల్యూమినియం లేదు పటిక మాత్రమే ఉంది అనీ రకరకాల మాటలు చక్కర్లు కొడుతుంటాయి. ఒక్కోటి విడదీసి చూస్తే చిక్కు తొందరగానే విడిపోతుంది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. సంస్కృతంలో స్ఫటికం అంటే తేటగా ఉండే రాయి, ఇవాళ మనం క్వార్ట్జ్ అంటున్నది. రసాయనికంగా అది సిలికా, అంటే మామూలు ఇసుకలో ఉండేదే. స్ఫటిక లింగానికి ఏళ్ల తరబడి అభిషేకం చేసినా అరగదు, ఎందుకంటే క్వార్ట్జ్ నీళ్లలో కరగదు. చూడ్డానికి దానిలాగే తేటగా ఉండి, నీళ్లలో మాత్రం కరిగిపోయే లవణానికి స్ఫటికారి అనే పేరొచ్చింది. మన పటిక, హిందీ వాళ్ల ఫిట్కరీ, తమిళుల పడికారం అన్నీ ఆ కుటుంబంలోని మాటలే. ఇక స్కూలు పుస్తకాల్లో స్ఫటికం అంటే అసలు ఒక పదార్థం పేరే కాదు, కణాలు క్రమపద్ధతిలో పేర్చుకుని గడ్డకట్టిన ఏ ఘన పదార్థమైనా స్ఫటికమే, ఉప్పు రవ్వైనా, పంచదార పలుకైనా, వజ్రమైనా.

పటిక బెల్లం కథ ఇంకా సులువు. చిక్కటి చక్కెర పాకాన్ని దారాల చుట్టూ నెమ్మదిగా గడ్డకట్టనిస్తే పెద్ద పెద్ద పలుకులు తేలతాయి, వాటికే కలకండ అని ఇంకో పేరు. పటికలా కనిపిస్తుంది కాబట్టి పటిక బెల్లం అన్నారు, అంతే, అందులో పటిక లేశమైనా ఉండదు. అయితే రెండూ పక్కపక్కనే పెడితే చిన్న ముక్కల్లో తేడా పట్టడం కష్టం, చిన్నపిల్లలున్న ఇంట్లో పటికను వంటింటి డబ్బాల్లో పెట్టకపోవడం మంచిది. నాలుక మీద పెడితే మాత్రం క్షణంలో తెలిసిపోతుంది, పటిక మొదట కాస్త తియ్యగా, పుల్లగా అనిపించి వెంటనే నోరంతా పిడచగట్టే వగరు అవుతుంది.

ఆ వగరునే గుర్తుగా పెట్టుకుని పాత రసశాస్త్ర గ్రంథాలు దీన్ని తువరి అన్నాయి. తువరం అంటే వగరు. సౌరాష్ట్రి అనే పేరు కూడా ఉంది, ఆ ప్రాంతం నుంచి వచ్చేది కనుక. దాన్ని ఆనుకుని ఉన్న కచ్‌లో మాతానో మఢ్ దగ్గర వెనకటికి పటిక తీసేవాళ్లు. ఆ గ్రంథాల్లో నాకు చాలా నచ్చిన వర్ణన ఒకటుంది: తువరి 'మంజిష్ఠా రాగబంధిని' అని, అంటే మంజిష్ఠ వేరు ఇచ్చే ఎర్ర రంగును బట్టకు బంధించేది అని. ఎక్కడ పుట్టింది, ఏం పని చేస్తుంది అన్న రెండు విషయాలూ పేరు పెట్టిన చోటే చెప్పేశారు. ఆ రంగు సంగతి కొంచెం తర్వాత.

ఇప్పుడు రసాయనం. మన కొట్లో దొరికే అసలు పటిక పేరు పొటాషియం అల్యూమినియం సల్ఫేట్, వాడుకలో పొటాష్ ఆలం. ఇది జంట లవణం. అంటే పొటాషియం సల్ఫేట్, అల్యూమినియం సల్ఫేట్ రెండూ కలిసి ఒకే స్ఫటికంగా గట్టిపడ్డాయి, నీళ్లలో వేయగానే మళ్లీ దేనికది అయాన్లుగా, అంటే ఆవేశమున్న కణాలుగా విడిపోతాయి. పన్నెండో తరగతి ల్యాబ్‌లో దీన్ని చేయించేది ఇందుకే, జంట లవణానికి ఇంత చక్కటి ఉదాహరణ ఇంకోటి దొరకదు. ద్రావణాన్ని కదపకుండా చల్లారనిస్తే ఎనిమిది ముఖాల పలుకులు కడతాయి, చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో యూనిట్‌లో 12 నీటి అణువులు ఇరుక్కుని ఉంటాయి, బరువులో లెక్కేస్తే దాదాపు 45 శాతం నీళ్లే. అల్యూమినియం 6 శాతం కూడా ఉండదు. కానీ పటిక చేసే పనులన్నీ ఆ 6 శాతం లోపు ఉన్న అల్యూమినియం చేసేవే అని గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అల్యూమినియం అనే పేరే ఆలం నుంచి పుట్టింది. లాటిన్‌లో పటికను అలుమెన్ అంటారు. పటికలో తెలియని లోహం ఏదో దాగి ఉందని, దాన్ని విడదీయక ముందే 1808లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ దానికి ఆ మూలం నుంచి పేరు పెట్టేశాడు. అంటే మనిషి పటికను వేల ఏళ్లు వాడాక, అందులోంచి లోహం పేరు వచ్చింది, లోహం ఆ తర్వాత వచ్చింది.

జంటలో రెండోవాడు పొటాషియమే అవ్వాలని లేదు. ఆ స్థానంలో అమ్మోనియం ఉంటే అమ్మోనియం ఆలం, అది కూడా తెల్లగా అలాగే ఉంటుంది, మార్కెట్లో పటిక పేరుతోనే అమ్ముతారు. అల్యూమినియం స్థానంలో క్రోమియం ఉంటే ముదురు ఊదారంగు క్రోమ్ ఆలం, తోళ్లు పదును చేసే పరిశ్రమ దాన్ని వాడింది. ఇనుము ఉంటే ఫెరిక్ ఆలం, ల్యాబ్‌లో పరీక్షలకు. కాబట్టి కెమిస్ట్రీలో ఆలం అనేది ఒక మనిషి పేరు కాదు, ఇంటిపేరు. తమ దగ్గరున్నది పొటాష్ పటికో అమ్మోనియం పటికో తెలుసుకోవాలంటే చిన్న పరీక్ష ఉంది: కాస్త పటిక పొడిలో తడి సున్నం కలిపి నలపండి, ముక్కు దగ్గరికి తెచ్చుకోకుండా దూరం నుంచే చేత్తో గాలి విసురుకుని చూడండి, అమ్మోనియా ఘాటు తగిలితే అది అమ్మోనియం పటిక. పొటాష్ పటికకు ఏ వాసనా రాదు. సున్నం చేతికి, కంటికి తగలకుండా జాగ్రత్త.

పటికలో పొటాషియం లేదా అమ్మోనియం తప్పనిసరి అని 1797 దాకా ఎవరికీ సరిగ్గా తెలియదు, ఆ ఏడాది ఫ్రాన్స్‌లో వోకెలిన్, షాప్తాల్ అనే రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. ఆశ్చర్యమేమిటంటే అంతకు ఎంతో ముందే ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరంలో పటిక బట్టీలు నడిచాయి. వాళ్లు నెలల తరబడి రాయిని కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఆ ద్రావణంలో సముద్రపు నాచు బూడిదో, పీపాల్లో తెప్పించిన మనుషుల మూత్రమో కలిపేవారు. ఎందుకు కలపాలో తెలియదు, కలపకపోతే పటిక గడ్డకట్టదని మాత్రం తెలుసు. బూడిదలో పొటాషియం, పులిసిన మూత్రంలో అమ్మోనియా. చేతిపని తెలిసినవాళ్లు శాస్త్రం కంటే ఎంత ముందు నడిచారో చెప్పడానికి ఇది చాలు.

అసలు గందరగోళం మొదలయ్యేది నీళ్ల దగ్గర. మునిసిపాలిటీ ప్లాంటులో వాడే ఆలం పొటాష్ పటిక కాదు, ఒట్టి అల్యూమినియం సల్ఫేట్. జంటలో ఒకరే ఉన్నారన్నమాట. చవక, అల్యూమినియం శాతం ఎక్కువ, పొటాషియంతో అక్కడ పనేమీ లేదు. పాత అలవాటు కొద్దీ దాన్ని కూడా ఆలం అనే పిలుస్తారు, ఫిల్టర్ ఆలం అని కూడా అంటారు. బూడిదరంగు పలకలుగానో, ద్రవంగానో వస్తుంది. అది నీళ్లు తేర్చడానికి తయారుచేసిన సరుకు, ఒంటికి రాసుకోవడానికి కాదు, వంటకు అసలే కాదు.

గోదావరికి, కృష్ణకు కొత్త నీరు వచ్చే రోజుల్లో బిందెడు నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచినా ఎర్రగానే ఉంటాయి. ఇసుక అడుక్కి దిగుతుంది, బంకమట్టి దిగదు. ఆ మట్టి రేణువులు మరీ సన్నవి, పైగా అన్నిటి మీదా రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. పటిక ముక్కను రెండు మూడుసార్లు తిప్పితే మూడు ధనావేశాలున్న అల్యూమినియం అయాన్లు నీళ్లలోకి దిగుతాయి. అవి మట్టి రేణువుల ఆవేశాన్ని చంపేస్తాయి, అదే సమయంలో నీటితో చర్య జరిపి నానబెట్టిన సగ్గుబియ్యంలాంటి జిగురు ముద్దలు కడతాయి. ఆ ముద్దలకు మట్టి అంటుకుంటుంది, బరువెక్కి అడుగున చేరుతుంది. గంటా రెండు గంటల్లో పైన తేట. పటిక దొరకని చోట మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు, అది కూడా మట్టిని దగ్గరకు చేర్చి అడుక్కి దించేదే.

ఎక్కువ వేస్తే ఇంకా బాగా తేరుకుంటుంది అనుకోవడం తప్పు. మోతాదు మించితే మట్టి రేణువుల మీద ఈసారి ధనావేశం చేరి మళ్లీ నెట్టుకోవడం మొదలవుతుంది, నీళ్లు వగరెక్కుతాయి, పుల్లబడతాయి. అందుకే ప్లాంట్లలో జార్ టెస్ట్ అని ఒకటి చేస్తారు. ఆరు గాజు పాత్రల్లో ఆ రోజు వచ్చిన నది నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు ఆలం వేసి, ముందు జోరుగా, తర్వాత మెల్లగా తిప్పి, ఆపి, ఏ పాత్రలో తక్కువ ఆలంతోనే నీళ్లు తేరాయో చూసి ఆ మోతాదు తీసుకుంటారు. మామూలుగా లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాములు సరిపోతుంది, వరద రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. ఆ తర్వాత ఇసుక ఫిల్టరు, ఆఖర్న క్లోరిన్. శుద్ధి అయిన నీళ్లలో మిగిలే అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 0.2 వరకు ఒప్పుకోవచ్చని మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. తేట నీళ్లు వేరు, మంచి నీళ్లు వేరు. పటిక మట్టిని దించేటప్పుడు కొన్ని సూక్ష్మక్రిముల్ని కూడా వెంట తీసుకెళ్తుంది, కానీ అన్నిటినీ కాదు, వాటిని చంపదు కూడా. వరద వచ్చిన ఊళ్లలో పటిక వేసి తేర్చిన నీళ్లు కళ్లకు శుభ్రంగా కనిపిస్తాయి, తాగితే విరేచనాలు పట్టుకోవచ్చు. తేర్చిన నీళ్లను వేరే గిన్నెలోకి వంచుకుని, బాగా మరిగించాలి లేదా క్లోరిన్ బిళ్ల వేయాలి. ముందు తేర్చి ఆ తర్వాత క్లోరిన్ వేయడమే సరైన వరస, మట్టి నీళ్లలో వేసిన క్లోరిన్ సగం ఆ మురికికే ఖర్చయిపోతుంది.

ఫ్లోరైడ్ ప్రస్తావన వస్తే నల్గొండ గురించి చెప్పుకోక తప్పదు. ఆ జిల్లా పేరు మీద ప్రపంచమంతా తెలిసిన ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో దీన్ని తయారుచేసింది. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, ఆలం కలిపి, తిప్పి, అడుక్కి దిగాక పైనున్న తేట తీసుకోవడమే. పద్ధతి తెలిస్తే బడి పిల్లలైనా చేయగలరు. అడుక్కి కాస్త పైన కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్ ఉంటే ఇంట్లోనూ అయిపోతుంది. తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లో నేల కింద ఫ్లోరైడ్‌తో బాధపడే ఊళ్లూ దీన్ని వాడి చూశాయి.

మరి కుండలో పటిక తిప్పితే ఫ్లోరైడ్ పోతుందా? పోదు. తేడా అంతా మోతాదులో ఉంది. మట్టి దిగడానికి లీటరుకు పదుల మిల్లీగ్రాములు చాలు, ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి ఉంటుంది, తేలుతూ ఉండదు, దాన్ని అల్యూమినియం ముద్దలకు పట్టించాలంటే లీటరుకు వందల మిల్లీగ్రాముల ఆలం పోయాలి, అది కూడా ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అని పరీక్ష చేసి లెక్క కట్టాలి. అంత ఆలం పడితే నీళ్లు పుల్లబడతాయి, అందుకే పక్కన సున్నం. లెక్క తప్పితే ఫ్లోరైడ్ పోకపోగా అల్యూమినియం మిగులుతుంది. రోజూ పోగయ్యే బురదలో ఫ్లోరైడ్ అంతా ఉంటుంది, దాన్ని ఎక్కడ పారేయాలన్నది ఇంకో సమస్య, పెరట్లో పారబోస్తే మళ్లీ నేలలోకే. రసాయనం సరిగ్గా పనిచేసినా ఊరిలో రోజూ తూకం వేసి కలిపే మనిషి లేకపోతే ఈ పద్ధతి నిలవదు, చాలాచోట్ల జరిగింది అదే. ఎముకలు వంకర తిరిగి నడవలేని మనుషులు ఒక తరం పాటు ఎదురుచూశాక చివరికి ఊరటనిచ్చింది నది నీళ్లు, 2016లో మొదలైన మిషన్ భగీరథ లాంటి పథకాలతో కృష్ణా నీళ్లు పైపుల్లో రావడం. నల్గొండ టెక్నిక్‌ను చిన్నచూపు చూడటానికి ఈ మాట అనడం లేదు, ఏ దారీ లేని రోజుల్లో అది నిజమైన దారి. కానీ దాని పేరు చెప్పి చిటికెడు పటికతో ఫ్లోరైడ్ పోతుందని నమ్మించడం మాత్రం అన్యాయం.

ఇప్పుడు రంగు. పటిక చేసే పనులన్నిటిలో అందమైనది నన్నడిగితే ఇదే. పెడనలో అచ్చులతో, శ్రీకాళహస్తిలో కలంతో వేసే కలంకారీ ఎరుపు వెనక ఉన్నది పటికే. బట్టను ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు నూలు పోగుకు పడుతుంది, పాలలోని కొవ్వు వల్ల గీసిన రంగు పక్కకు పాకదు. తర్వాత నలుపు కావాల్సిన చోట కసిమి, అంటే బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవం. బట్ట మీద పడేటప్పుడు పలచగా ఉంటుంది, కరక్కాయ వగరు తగలగానే కళ్ల ముందే నల్లగా మారుతుంది.

ఎరుపు కావాల్సిన చోట మాత్రం ఎరుపు వేయరు, పటిక నీళ్లు వేస్తారు. అచ్చు వేసేవాళ్లయితే తుమ్మ జిగురు కలిపి చిక్కగా చేసుకుంటారు. పటిక నీళ్లకు రంగు లేదు కాబట్టి ఎక్కడ వేశామో కనిపించడానికి తర్వాత పోయే రంగు కాస్త కలుపుకోవడమూ ఉంది. ఆరాక పారే నీళ్లలో ఉతుకుతారు. కాలవో ఏరో తప్పనిసరి, ఎందుకంటే పోగుకు పట్టకుండా మిగిలిన పటిక నిలవ నీటిలో కరిగితే బట్ట అంతటా పాకుతుంది, ఆ తర్వాత అక్కడల్లా మరకే. అప్పుడు రాగి డేగిసాలో మంజిష్ఠ, సురుడు చెక్క లాంటివి వేసి బట్టను మరిగిస్తారు. మొత్తం బట్ట ఎర్రనీళ్లలో మునుగుతుంది, కానీ ఎరుపు పటిక ఉన్న చోటే గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటినది ఉతికి ఎండేస్తుంటే వదిలిపోతుంది. మంజిష్ఠలోని రంగు పదార్థం నూలును సొంతంగా పట్టుకోలేదు. అల్యూమినియం ఒక చేత్తో పోగులోని వగరును, ఇంకో చేత్తో రంగును పట్టుకుంటుంది. పాతవాళ్లు రాగబంధిని అన్నమాటకు ఇంతకంటే చక్కటి వ్యాఖ్యానం రసాయన శాస్త్రంలో కూడా లేదు.

ఉతికినా పోని ఈ రంగే కోరమండల్ తీరపు బట్టలకు యూరప్‌లో అంత గిరాకీ తెచ్చింది. అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్స్ 1686లో రంగు అద్దకపు నూలు బట్టల్ని నిషేధించింది, ఇంగ్లండ్ 1700లో, 1721లో చట్టాలు చేసింది. గుట్టు తెలుసుకోవాలన్న తపన కూడా అప్పుడే. దక్షిణ భారతంలో ఉన్న ఫ్రెంచి పాద్రీ కేర్దూ 1742లో అద్దకం పద్ధతిని అడుగడుగునా వివరిస్తూ ఫ్రాన్స్‌కు ఉత్తరం రాశాడు. తెలుగు నిఘంటువు కూర్చినవాడూ ఆయనే. యూరప్‌కు పటిక కొత్తేమీ కాదు, ఉన్ని రంగులకు వాళ్లూ అదే వాడేవాళ్లు, 1460లలో రోమ్ దగ్గర తోల్ఫా కొండల్లో పటిక దొరికితే పోప్ ఖజానాకే పెద్ద ఆదాయమైంది. నూలు మీద ఎరుపు అలా నిలబెట్టే వరస, కరక్కాయ దగ్గర్నుంచి పారే నీటి దాకా, మన దగ్గర నేర్చుకున్నారు.

కాగితం గురించి రెండు ముక్కలు. 19వ శతాబ్దం నుంచి సిరా పీల్చకుండా ఉండటానికి కాగితానికి రోజిన్ అనే పైన్ చెట్ల బంక, ఆలం పట్టించేవాళ్లు, ఇక్కడ కూడా ఆలం అంటే అల్యూమినియం సల్ఫేటే. ఆ ఆమ్లం కాగితంలోనే ఉండిపోయి పీచును తినేస్తుంది. పాత తెలుగు పుస్తకాలు పేజీ తిప్పితే పెళుసుగా విరిగిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. గ్రంథాలయాల్లో మిగిలినవాటిని స్కాన్ చేయడం ఎంత తొందరగా జరిగితే అంత మంచిది.

చర్మం దగ్గరికొస్తే, మంగలి షాపులో గడ్డం గీశాక తడి పటిక రాయి రుద్దడం అందరికీ తెలిసిందే. అల్యూమినియం అక్కడి ప్రొటీన్‌ను గడ్డకట్టిస్తుంది, సన్నటి గాటు నుంచి కారే రక్తం ఆగుతుంది, చర్మం బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. నోట్లో వగరుకు కారణమూ ఇదే, లాలాజలంలోని ప్రొటీన్లు గడ్డకట్టి జారుడు పోవడం. చిన్న గాట్ల వరకు మంచిదే, లోతైన గాయానికి పనికిరాదు. ఒకే రాయి పదిమంది మొహాలకు రుద్దడం మాత్రం మానుకోవాల్సిన అలవాటు, హెపటైటిస్-బి లాంటివి రక్తం ద్వారా పాకుతాయి. ఎవరి పటిక ముక్క వాళ్లు పట్టుకెళ్తే పెద్ద ఖర్చేమీ కాదు. కంట్లో పటిక నీళ్లు చుక్కలుగా వేసుకోమనే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, దయచేసి ఆ పని చేయకండి, పటిక ద్రావణం బాగా ఆమ్లంగా ఉంటుంది.

ఇక 'అల్యూమినియం లేని' పటిక డియోడరెంట్. పటికలో ఉన్నదే అల్యూమినియం. చెమట ఆపడానికి కంపెనీలు వాడే అల్యూమినియం క్లోరోహైడ్రేట్ వేరే పదార్థం, అది లేదు అని రాస్తే నిజం, అసలు అల్యూమినియమే లేదు అంటే అబద్ధం. పటిక చంకలో వాసన తెచ్చే బ్యాక్టీరియాను తగ్గిస్తుంది, పనిచేస్తుంది కూడా, ఉన్న మాట చెప్పి అమ్మితే చాలు.

నోటిపూతకు, చిగుళ్లకు వాడే పొంగించిన పటిక కొత్త పదార్థమేమీ కాదు. పటికను పెనం మీద వేడి చేస్తే సుమారు 92 డిగ్రీల దగ్గర తనలోని నీటిలో తనే కరిగిపోతుంది, తర్వాత బుసబుసా పొంగి ఆవిరంతా పోయాక తెల్లటి బోలు ముద్ద మిగులుతుంది. బరువు దాదాపు సగానికి పడిపోతుంది. అంటే అదే బరువు తూచి తీసుకుంటే అల్యూమినియం ఎక్కువ పడుతుంది, మామూలు పటికకు చెప్పిన తూకం దీనికి కుదరదు. ఆయుర్వేద వైద్యులు శుద్ధి చేసి ఇచ్చేది వాళ్ల లెక్క ప్రకారం వాడుకోవాలి, ఇంట్లో చేసుకుని మింగడం వద్దు.

టీకాల్లో ఆలం అంటే భయపడేవాళ్లు ఉన్నారు కాబట్టి అదీ చెప్పాలి. 1926లో ఇంగ్లండ్‌లో గ్లెన్నీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు డిఫ్తీరియా టీకా పదార్థాన్ని పొటాష్ ఆలంతో గడ్డకట్టించి ఇస్తే శరీరం చాలా బలంగా స్పందిస్తోందని చూశారు. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. ఇప్పటి టీకాల్లో ఎక్కువగా ఉండేది అల్యూమినియం హైడ్రాక్సైడ్ లేదా అల్యూమినియం ఫాస్ఫేట్ జెల్, డాక్టర్లు అలవాటుగా ఆలం అంటారు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన కోవాక్సిన్‌లో కూడా ఇలాంటి జెల్ ఉంది, దానికి రోగనిరోధక కణాల్ని తట్టిలేపే ఇంకో అణువును జోడించారు. మోతాదు మిల్లీగ్రాములో భాగం, దాదాపు వందేళ్ల అనుభవం దాని వెనక ఉంది. కొట్లో పటికతో దానికి సంబంధం పేరు వరకే.

తిండిలో పటిక మీద నాకు కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. తిండి ప్యాకెట్ల మీద, కలిపిన పదార్థాలకు ఐఎన్ఎస్ నంబర్లు ఉంటాయి: ఐఎన్ఎస్ 522 అంటే పొటాష్ పటిక, 523 అంటే అమ్మోనియం పటిక, 520 అంటే అల్యూమినియం సల్ఫేట్. ఊరగాయ ముక్క మెత్తబడకుండా, మురబ్బా కరకరలాడేలా ఉండటానికి కొన్ని దేశాల్లో, మన దగ్గర కొన్నిచోట్ల పటిక నీళ్లు వాడతారు, కొన్ని బేకింగ్ పౌడర్లలో దీని చుట్టం సోడియం అల్యూమినియం సల్ఫేట్ ఉంటుంది. లండన్‌లో రొట్టె తెల్లగా రావడానికి పిండిలో పటిక కలిపేవాళ్లు, కలరా నీళ్ల ద్వారా వస్తుందని చూపిన జాన్ స్నో 1857లో ఆ రొట్టెల్నీ అనుమానించాడు, పిల్లల ఎముకలు మెత్తబడటానికి ఇది కారణం కావచ్చని రాశాడు. అల్యూమినియం పేగులో ఫాస్ఫేట్‌ను పట్టేసుకుంటుందని ఇప్పుడు తెలుసు కాబట్టి ఆయన ఊహ కొట్టిపారేయాల్సింది కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొద్దిగా తింటే మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి, ఆల్జీమర్స్ దీనివల్లే వస్తుందన్నది రుజువు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) ఉమ్మడి నిపుణుల సంఘం 2011లో పెట్టిన హద్దు వారానికి కిలో శరీర బరువుకు 2 మిల్లీగ్రాముల అల్యూమినియం. మనకు ఆవకాయ గట్టిగా ఉండాలంటే కాయ ముదురు చూసి కొనడం, తడి లేకుండా తుడవడం తెలుసు, పటిక అవసరం లేదు.

మోతాదు తప్పితే ఏమవుతుందో చూడాలంటే 1988 జులై 6న ఇంగ్లండ్‌లోని క్యామెల్‌ఫర్డ్ దగ్గర జరిగింది చాలు. అక్కడి నీటి శుద్ధి ప్లాంటుకు కొత్తగా వచ్చిన డ్రైవరు 20 టన్నుల అల్యూమినియం సల్ఫేట్ ద్రావణాన్ని పొరపాటున శుద్ధి అయిన నీళ్ల ట్యాంకులో పోశాడు. సుమారు 20,000 మందికి ఆ నీళ్లు చేరాయి. నోటి పుండ్లు, వాంతులు, చర్మం మంట, రాగి పైపులు కరిగి నీలంగా వచ్చిన నీళ్లు. జనానికి చాలా రోజులు నిజం చెప్పలేదు. రోజూ నీళ్లను కాపాడే వస్తువే అది, ఆ రోజు ఒక మూత తేడా.

ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఇంకా జాగ్రత్త. అల్యూమినియం బయటికి పోయే దారి మూత్రపిండాలే. 1970లలో డయాలసిస్‌కు వాడిన నీళ్లలో అల్యూమినియం ఎక్కువై కొందరు రోగుల్లో మాట తడబడటం, మతి తప్పడం, ఎముకలు విరగడం కనిపించాయి, ఆ తర్వాతే డయాలసిస్ నీటికి ప్రత్యేక శుద్ధి తప్పనిసరి అయింది. అలాంటి మనిషికి కడుపులోకి వెళ్లే పటిక చిట్కా ఏదైనా, ఆయుర్వేదమైనా యూట్యూబ్ అయినా, చూస్తున్న నెఫ్రాలజిస్టును అడగకుండా ఇవ్వకండి. పుక్కిలించడానికైనా ముందు అడగండి, సగం లోపలికే పోతుంది.